పాలు పొంగేలోపు ఒక బొమ్మ

డ్రాయింగు మాస్టారికి ఒక జబ్బుంది. ఎక్కడ వంకర కనిపించినా దాన్ని సరిచేసేదాకా ఆయన చెయ్యి ఊరుకోదు. ఎవరింటికైనా వెళితే కుశలప్రశ్నలు అయ్యీ అవకముందే లేచి, గోడమీద ఓ పక్కకి ఒరిగిన పటాన్ని తిన్నగా సర్ది వచ్చి కూర్చుంటారు. ఆ ఇంటివాళ్లు మొహమొహాలు చూసుకుంటారు. ఆయన మాత్రం ఏదో ఉపకారం చేసినవాడిలా తృప్తిగా కాళ్లు చాపుకుంటారు. బళ్లో పనిచేసిన రోజుల్లోనూ ఇదే వరస. పిల్లవాడు ఏనుగు బొమ్మ వేసుకుంటూ ఉంటే "ఇలా ఇవ్వు" అని పెన్సిలు లాక్కునేవారు. గంట కొట్టేసరికి ఆ ఏనుగు మాస్టారి ఏనుగు అయి కూర్చునేది. అమ్మానాన్నలు చూసి మురిసిపోయేవారు. పిల్లలకి బొమ్మలు వెయ్యడం రాలేదు గానీ వాళ్ల పుస్తకాలకి మాత్రం మంచి మార్కులు వచ్చేవి.

ఆయన భార్య టైలరు. ఇంటి ముందుగదే ఆవిడ కొట్టు. వీధి వీధంతా ఆవిణ్ని టైలరమ్మ అనే పిలిచేది. బల్లమీద గుడ్డ పరిచి, సుద్దముక్క తీసుకుని ఒక్క విసురుతో చంక ఒంపు గీసేసేది. రెండోసారి చూసుకునేది కాదు. మాస్టారు పక్కన నిలబడి "ఆ గీత ఇక్కడ కాస్త లావైందే" అంటే, "ఇది గోడకి తగిలించేది కాదండీ, ఒంటికి తొడుక్కునేది. మీరు అవతలికి వెళ్లి మీ పని చూసుకోండి" అనేది. ఆయన వెళ్లేవారు. ఆ ఇంట్లో ఆయన చెయ్యి పడని జాగా అదొక్కటే.

ఒకరోజు పొద్దున మిషను ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయింది. పక్షవాతం అన్నారు, ఆసుపత్రిలో ప్రాణం దక్కింది. మెల్లగా కాలు ఆడింది, నడక వచ్చింది. మాట వచ్చింది, మాటతోపాటు ఆ మాటలోని కారం కూడా వచ్చింది. రానిదల్లా ఎడమవైపు.

చెయ్యో కాలో రాలేదని కాదు. ఎడమ చెయ్యి కాస్త మొద్దుబారింది గానీ ఆడుతుంది. కళ్లు నిక్షేపంలా ఉన్నాయి. అసలు ఎడమవైపు అనేదొకటి ఉందన్న సంగతే ఆవిడ బుర్రలోంచి జారిపోయింది. కంచంలో కుడి సగం తినేసి, "ఇంతేనా పెట్టింది? ఈ ఇంట్లో తిండికి కూడా కరువొచ్చిందా?" అని విరుచుకుపడేది. మాస్టారు కంచాన్ని అటునుంచి ఇటు తిప్పేవారు. "మరి ఇది ముందే వడ్డించచ్చుగా" అని గొణుక్కుంటూ ఆ సగమూ తినేది. జుట్టు కుడివైపు నున్నగా దువ్వుకుని, ఎడమవైపు పిచ్చుకగూడులా వదిలేసి, అద్దం ముందునుంచి రాణిలా లేచేది. గుమ్మం దాటినప్పుడల్లా ఎడమ భుజం తలుపుకి కొట్టుకునేది. తిట్లు మాత్రం తలుపు చేసిన వడ్రంగికి పడేవి. నీకు ఎడమవైపు తెలియడం లేదమ్మా అని ఎవరైనా చెబితే ఒంటికాలి మీద లేచేది. "నాకు రెండు కళ్లూ కనిపిస్తున్నాయి. మీ అందరికీ ఏమొచ్చిందో చూపించుకోండి" అనేది.

ఆసుపత్రిలో థెరపిస్టుగా ఉన్న అమ్మాయి చిన్నదే గానీ గట్టిది. ఆవిడతో వాదించలేదు. ఒక తెల్లకాగితాల దస్తా చేతిలో పెట్టింది.

"అమ్మా, రోజూ పొద్దున్నే ఇంట్లో వస్తువు ఏదైనా ఒకటి ముందు పెట్టుకుని గబగబా బొమ్మ గీయండి. గ్లాసో, గరిటో, మీ ఇష్టం. స్టవ్ మీద పాలు పెట్టించండి. అవి పొంగేలోపు బొమ్మ అయిపోవాలి. ఆలోచించకూడదు, చెరపకూడదు. రబ్బరు దగ్గర పెట్టుకోనేకూడదు. బాగా రాకపోయినా ఫరవాలేదు, రోజు మాత్రం తప్పకూడదు."

"రబ్బరు లేకుండా బొమ్మేంటమ్మాయ్?" అన్నారు మాస్టారు. ప్రాణం విలవిల్లాడింది పాపం.

ఆ అమ్మాయి ఆయన్ని విడిగా వరండాలోకి తీసుకెళ్లింది. "మాస్టారూ, ఆవిడ సగమే గీస్తారు. గీయనివ్వండి. మీరు ఏమీ అనకండి, చెయ్యి పెట్టకండి. ఆ కాగితాలు నాకు తెచ్చివ్వండి. ఏ సగం వదిలేస్తున్నారో, ఎంత వదిలేస్తున్నారో వాటిలోనే నాకు తెలుస్తుంది. వాటినే ఆవిడకి చూపిస్తాను. తను వదిలేసింది తన కంటితో చూస్తేనే ఆవిడ నమ్ముతారు. నమ్మితేనే తల అటు తిప్పడం నేర్చుకుంటారు. ఈ మొదటి కొన్ని నెలలే మెదడు మెత్తగా ఉండేది. తర్వాత మనం ఎంత మొత్తుకున్నా వినదు."

"అలాగే" అన్నారు మాస్టారు. తల అటు తిప్పడం వచ్చేదాకా కత్తెర, ఇస్త్రీపెట్టె ఇవ్వద్దని కూడా చెప్పింది ఆ అమ్మాయి. ముందుగదికి తాళం పడింది. ఆ తాళం ఎప్పుడు తీస్తారన్నదే టైలరమ్మకి రోజూ ఉండే దిగులు. పొద్దున లేస్తూనే ఆ తలుపు వంక చూసేది. గీతలు గీస్తే కత్తెర ఇస్తారని చెప్పబట్టే ఆవిడ పెన్సిలు పట్టింది, లేకపోతే ఆ కాగితాలు పొయ్యిలోకి పోయేవి.

మొదటిరోజు స్టీలు గ్లాసు. మాస్టారు వంటింట్లో పాలగిన్నె దగ్గర నిలబడ్డారు. ఆవిడ బల్ల దగ్గర కూర్చుని, గుడ్డమీద సుద్ద విసిరినట్టే పెన్సిలు విసిరింది. పాలు అంచుదాకా లేస్తూ ఉండగా "అయిపోయింది!" అని అరిచింది. మాస్టారు స్టవ్ ఆపి వచ్చి చూశారు. గ్లాసుకి కుడి గోడ ఉంది, అంచు సగం ఉంది, అడుగు సగం ఉంది. ఎడమవైపు ఉత్త కాగితం.

"ఎలా వచ్చింది?"

"బాగుంది" అన్నారు మాస్టారు. ఆయన జన్మలో ఎవరి బొమ్మనీ చూసి అనని మాట.

మర్నాడు దువ్వెన. సగం పళ్లే. ఆ మర్నాడు మాస్టారి కళ్లజోడు, ఒకటే అద్దం, ఒకటే కాడ. రెండు చెవుల బాణలికి ఒక చెవి. గడియారంలో అంకెలన్నీ ఆరు దగ్గరే ఆగిపోయాయి. మాస్టారు గదిలోకి వెళ్లి ఆ కాగితాల్ని అట్టకి క్లిప్పు పెట్టి, అట్టని బోర్లించి వచ్చేవారు.

టైలరమ్మకి మాత్రం ఈ పని మహా బాగా పట్టుబడింది. ముందు కత్తెర కోసం మొదలుపెట్టిన మనిషి, రానురాను బొమ్మ గీయకపోతే కాఫీ కూడా ముట్టుకోని స్థితికి వచ్చింది. ఇవాళ ఏం గీయాలా అని ముందురోజే ఇల్లంతా వెతికేది. పట్టకారు, టీ వడకట్టే జల్లెడ, తలుపు గడియ, అరిగిపోయిన చీపురు. "ఇన్నేళ్లూ దీంతో ఊడ్చాను గానీ దీని మొహం ఎప్పుడు చూశానండీ!" అని చీపురుని ఎత్తి పట్టుకుని నవ్వింది ఓరోజు. జబ్బు చేశాక ఆవిడ అలా నవ్వడం అదే మొదలు. గీతలు కూడా బాగుండేవి. గబుక్కున గీసినా ప్రాణం ఉండేది. చీపురు పుల్లలు నిజంగా కాగితాన్ని గుచ్చుతున్నట్టు ఉండేవి. మాస్టారికి అది కనిపించింది. అలాంటి గీత తన చేతికి ఎన్నడూ రాలేదని కూడా ఆయనకి తెలుసు. తెలిసినా నోరు విప్పి చెప్పలేదు.

చెడిపోయింది ఓ ఆదివారం నాడు. ఊరికి అవతలివైపు కాపురం ఉంటున్న కూతురు వచ్చింది. వస్తూనే బల్లమీద అప్పుడే గీసిన కెటిల్ బొమ్మ చూసింది. మూతి ఎడమవైపు కదా, మూతి లేదు. పిడి ఉంది, పొట్ట సగం ఉంది. కూతురు కాగితం పట్టుకుని నిలబడి బొటబొటా ఏడ్చేసింది.

"ఎందుకే ఏడుస్తావు? అంత ఘోరంగా ఉందా నా బొమ్మ?" అంది టైలరమ్మ. మొహం చిన్నబోయింది.

"లేదమ్మా... ఏదో గుర్తొచ్చి."

పిల్ల కొంగుతో కళ్లొత్తుకుంటూ పెరట్లోకి పోయింది. ఆ వెనకే పక్కింటాయన పేపరు కోసం వచ్చి, కెటిల్ బొమ్మని అటూ ఇటూ తిప్పి, "డ్రాయింగు మాస్టారింట్లో ఇదేం బొమ్మండీ!" అని ఓ నవ్వు పారేసి పోయాడు. మాస్టారికి తల తీసేసినట్టయింది.

ఆ మధ్యాహ్నం ఆవిడ నిద్రపోతుండగా మాస్టారు అట్ట తీశారు. కూతురి కన్నీళ్లు చూడలేక అని తనకి తాను చెప్పుకున్నారు. మళ్లీ వారం వచ్చినప్పుడు పిల్ల గుండె నిబ్బరంగా ఉండాలి, అంతే కదా అనుకున్నారు. అది అబద్ధం. కూతురి కన్నీళ్లకంటే పక్కింటాయన నవ్వే ఎక్కువ గుచ్చుకుంది. పెన్సిలు చెక్కి కెటిల్‌కి మూతి పెట్టారు, మిగతా పొట్ట పెట్టారు. తిన్నగా గీస్తే తెలిసిపోతుందని, జీవితంలో మొదటిసారి, కావాలని వంకరగా గీశారు. ఆవిడ విసురు తన చేతికి రాదు కాబట్టి ముందు వేరే కాగితం మీద సాధన చేశారు. ఆ ఒక్క బొమ్మతో ఆగలేదు. గ్లాసుకి ఎడమ గోడ లేచింది, దువ్వెనకి పళ్లు మొలిచాయి, కళ్లజోడుకి రెండో అద్దం వచ్చింది. అన్నీ అయ్యాక ఆయనకి కడుపు నిండిపోయింది. మర్నాటినుంచి ఆవిడ గీసిన ప్రతి బొమ్మకీ అదే వైద్యం.

ఆవిడకి తెలిసిందా అంటే, ఎలా తెలుస్తుంది? ఆయన గీసిందంతా ఎడమవైపే. కాగితం ముందు పెట్టినా ఆవిడ తన సగమే చూసుకునేది. తన సగం తనకి నిండుగానే ఉండేది.

కూతురు ఆదివారం వచ్చి బొమ్మలన్నీ చూసి అమ్మని కావలించుకుంది. "నాన్నా, అమ్మకి తగ్గిపోతోంది!" అని పక్కింటికి కూడా తీసుకెళ్లి చూపించింది. పక్కింటాయన "ఎంతైనా మాస్టారి పెంపకం" అన్నాడు. టైలరమ్మ గర్వంగా తలెగరేసింది. మాస్టారు కాఫీ గ్లాసులో మొహం దాచుకున్నారు.

ఇలా మూడు నెలలు గడిచి, కాగితాలు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు వచ్చింది. ఆ వేళ గది బయట జనం మెట్లదాకా నిలబడి ఉన్నారు. థెరపిస్టు కాగితాలు ఒక్కొక్కటే తిప్పింది. మొహం విప్పారింది. "ఇంత త్వరగానా! నేను అనుకోలేదు మాస్టారూ" అంది. ఆవిడకి చూపించి ఒప్పించాల్సిన తప్పు ఒక్కటీ ఆ కాగితాల్లో లేదు. ఎడమవైపు తల తిప్పించే కసరత్తులు రాయబోయి పెన్ను ఆపేసింది. "ఇవి అక్కర్లేదనిపిస్తోంది. అమ్మా, కత్తెర, ఇస్త్రీ మెల్లగా మొదలుపెట్టుకోవచ్చు" అంది.

టైలరమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. కుడి చెయ్యి ముందే లేచింది, దాన్ని అందుకోవాల్సిన ఎడమ చెయ్యి కాస్త ఆలస్యంగా లేచింది. అప్పుడైనా మాస్టారు నోరు తెరవాల్సింది. మాట గొంతుదాకా వచ్చింది కూడా. చెబితే ఆ అమ్మాయి ముందు, వరసలో ఉన్నవాళ్ల ముందు, ఆవిడ ముందు పరువు పోతుంది. వచ్చిన మాటని మింగేసి, నమస్కారం పెట్టి బయటికొచ్చారు. ఆయన చేసిన అన్నిట్లోకీ ఇదే నీచమైన పని. బొమ్మలు దిద్దడం పిచ్చి అనుకుని క్షమించచ్చు, ఈ మౌనాన్ని క్షమించడానికి లేదు.

ముందుగది తాళం తీశారు. ఆవిడ బల్ల తుడుచుకుంది, మిషనుకి నూనె వేసింది, ఒక పాత దుప్పటి ముక్క తెచ్చి పరిచింది. "ముందు దీని మడతలు పోగొట్టి, దీనిమీద చెయ్యి సర్దుకుని, అప్పుడు ఊళ్లోవాళ్ల గుడ్డల జోలికి పోతాను" అంది. మాస్టారు గుమ్మంలోనే నిలబడ్డారు. ఇస్త్రీపెట్టె వేడెక్కుతుంటే ఆయన చూపు దాన్ని వదల్లేదు. పక్కనే ఉంటానంటే, "మీరు అవతలికి వెళ్లి మీ పని చూసుకోండి" అంది ఆవిడ మునుపటిలాగే. ఆ మాట వినిపించినందుకు సంతోషం కూడా వేసింది ఆయనకి. పక్కగదిలోకి వెళ్లి పేపరు తీశారు.

కాసేపటికి లోపలినుంచి ఆవిడ మామూలు గొంతుతో పిలిచింది.

"ఏమండీ, ఏదో కాలుతున్న వాసన వస్తోంది. వంటింట్లో ఏమన్నా మర్చిపోయారా?"

మాస్టారు పరుగెత్తారు. దుప్పటి ఎడమ అంచున ఆవిడ ఎడమ చెయ్యి, ఎవరో పెట్టి మర్చిపోయినట్టు, పడి ఉంది. ఇస్త్రీపెట్టె ఆ చేతిమీద ఆగి ఉంది. ఆవిడ కిటికీవైపు ముక్కు ఎగబీలుస్తోంది.

ఆసుపత్రిలో కట్టు కట్టాక థెరపిస్టు పరుగున వచ్చింది. మనిషి కంగారుపడిపోయింది. "నా తప్పే మాస్టారూ, నేనే తొందరపడ్డాను" అంటూనే ఒక కాగితం తీసి, బల్లమీద ఉన్న రెండు పిడుల కప్పుని టైలరమ్మ ముందుకి జరిపింది. "అమ్మా, నొప్పిగా ఉందని తెలుసు. ఒక్క బొమ్మ గీస్తారా నాకోసం? ఇంట్లో గీసినట్టే."

"ఓ, దానికేం" అంది ఆవిడ. చెయ్యి అలవాటుపడిపోయి ఉంది. నాలుగు విసుర్లలో అయిపోయింది. సగం కప్పు, ఒక పిడి.

థెరపిస్టు ఆ కాగితాన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత అలమార తెరిచి పాత కాగితాల కట్ట తీసింది. దువ్వెన, కళ్లజోడు, కెటిల్. ఒక్కటీ సగం బొమ్మ కాదు. ఆ అమ్మాయి కళ్లు మెల్లగా మాస్టారి మీదికి తిరిగాయి. మాస్టారు గోడమీద క్యాలెండరు చూస్తున్నారు.

"అమ్మా, ఇవి మీరే గీశారా?"

"నేను కాకపోతే ఎవరు గీస్తారు? ఒక్కరోజు మానలేదు. కావాలంటే ఆయన్ని అడుగు."

ఆ అమ్మాయి ఆయన్ని అడగలేదు. కెటిల్ కాగితాన్ని బల్లమీద కుడివైపుకి, బాగా కుడివైపుకి, బొమ్మ మొత్తం ఆవిడకి తెలిసిన ప్రపంచంలోకి వచ్చేదాకా జరిపింది. టైలరమ్మ వంగి చూసింది. వేలితో కెటిల్ పిడి తడిమింది, పొట్ట మీదుగా వచ్చి మూతి దగ్గర ఆగింది.

"ఇది నేను గీయలేదు."

దువ్వెన జరిపింది. కళ్లజోడు జరిపింది. ఆవిడ వేలు ప్రతి దాంట్లోనూ ఒక్కచోటే ఆగింది. గీత ముగిసిన ప్రతి చోటా పెన్సిలు నొక్కిన చిన్న చుక్క ఉంది. బోర్డుమీద సుద్దముక్కని టక్కుమనిపించి ఎత్తే అలవాటు అది, కాగితం మీద కూడా పోలేదు. కాపురం చేసిన మనిషికి అది సంతకం కంటే బాగా తెలుసు.

"ఆయన చెయ్యి ఇది" అంది.

ఆవిడ తన బొమ్మల్నీ, వాటి పక్కన అతికిన ఆయన గీతల్నీ ఒక్కొక్కటే చూసింది. తను వదిలేసింది ఎంతో ఆవిడ చూడటం అదే మొదలు. కట్టు కట్టిన చెయ్యిని కుడి చేత్తో వెతికి పట్టుకుని ఒళ్లోకి తెచ్చుకుంది.

"నేను బాగున్నాననుకున్నాను" అంది. "రోజూ అడిగాను కదండీ, ఎలా వచ్చిందీ అని. ఒక్కరోజు, ఒక్కరోజు సగమే గీశావే అని చెబితే ఏం పోయింది? నా కొట్లో చెయ్యి పెట్టద్దన్నాననా ఈ కక్ష?"

"కక్ష కాదు. మన అమ్మాయి ఏడ్చిందని... నలుగురూ నవ్వుతారని..." మాస్టారి మాట అక్కడితో తెగిపోయింది.

"నవ్వితే నన్ను కదా నవ్వేది!"

థెరపిస్టు కాగితాలు సర్దింది. కోపం దాచుకోలేదు. "మెత్తగా ఉండే నెలలని చెప్పాను మాస్టారూ. అవి అయిపోయాయి. ఇకమీద వచ్చేది కొంచెమే, అదీ చాలా కష్టంమీద" అంది. ఆ తర్వాత చెయ్యాల్సింది చెప్పింది. బొమ్మలు మళ్లీ మొదలుపెట్టాలి. "ఇవాళ్టినుంచి మీరు ఎప్పుడూ ఆవిడకి ఎడమపక్కనే కూర్చోండి. ఏం చెప్పినా అటునుంచే చెప్పండి. పిలిచి, ఆవిడ తల తిప్పి మిమ్మల్ని చూసేదాకా ఆగండి. ఎంతసేపైనా సరే, పొరపాటున కూడా కుడివైపుకి వెళ్లద్దు. ఆ తల తిరగడమే ఇప్పుడు మనకి మిగిలిన మందు."

మర్నాడు పొద్దున మాస్టారు పాలు స్టవ్ మీద పెట్టలేదు. ఆవిడే వద్దంది. కాగితాల వంక చూడలేదు, పెన్సిలు ముట్టుకోలేదు. బల్ల దగ్గర కూర్చుని కుడివైపు కిటికీలోంచి వీధి చూస్తూ ఉండిపోయింది. మాస్టారు కుర్చీ లాక్కుని ఆవిడకి ఎడమపక్కన కూర్చున్నారు.

"ఏమోయ్" అని పిలిచారు.

ఆవిడ తిరగలేదు.

గొంతు సవరించుకుని మళ్లీ పిలిచారు. "ఏమోయ్, ఇటు చూడు. నేను తప్పు చేశాను." పెళ్లయినప్పటినుంచీ ఆయన నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. వీధిలో సైకిలు వెళితే ఆవిడ చూపు దానివెంట మలుపుదాకా వెళ్లి, మళ్లీ కిటికీలోకే వచ్చింది. మాస్టారికి కనిపిస్తున్నది ఎడమ చెంప, దువ్వని సగం జుట్టు. ఆ జుట్టు సరిచెయ్యడానికి చెయ్యి లేవబోతే దాన్ని రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నారు.

తను ఆవిడకి తెలియకపోవడం వల్ల తిరగలేదా, తెలిసే తిరగలేదా? ఆవిడ కళ్లలోకి చూస్తే తెలుస్తుంది. అందుకు కుడివైపుకి వెళ్లాలి, వెళ్లకూడదు. మాస్టారు అక్కడే కూర్చుని మళ్లీ పిలిచారు.